షేర్ చేసిన ఫైలు లింకుకు గడువు ఎన్ని రోజులు పెట్టాలి?

విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని పెళ్లి ఆల్బమ్ పేజీలు డిజైన్ చేసి గుంటూరు ప్రింటింగ్ వాళ్లకు పంపడం నా పని. ఒకసారి భోగి సాయంత్రం మూడు రోజులు పనిచేసే లింకు పంపాను. వాళ్లు ముక్కనుమ కూడా చూసుకుని ఊరి నుంచి వచ్చి షాపు తెరిచేసరికి లింకు ఎక్స్‌పైర్ అయిపోయింది, అవతల పెళ్లివారి ఫోన్లు, ఇవతల నాకు మళ్లీ మొత్తం అప్‌లోడ్. ఒకటే టెన్షన్.

అందుకే ముందు అడగండి: "అన్నా, సిస్టమ్ ముందు ఎప్పుడు కూర్చుంటారు?" ఆయన చెప్పిన రోజుకు ఇంకో రెండు రోజులు కలిపి గడువు పెట్టండి. ఆ తేదీని మెసేజ్‌లో లింకు పక్కనే రాయండి.

గూగుల్ డ్రైవ్‌లో సమస్య వేరు. "ఎనీవన్ విత్ ద లింక్" అని పెట్టి పంపితే దానికి గడువు ఉండదు, మీరు ఆపేదాకా ఆ లింకు దొరికిన ఎవరైనా ఫైలు తెరవొచ్చు. ఆఫీసు, కాలేజీ ఇచ్చే చాలా అకౌంట్లలో ఫలానా మనిషికి ఫలానా తేదీ వరకే అని పెట్టుకునే వీలుంది, షేర్ చేసిన పేరు పక్కనే కనిపిస్తుంది. అది లేనివాళ్లు ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు షేర్ నొక్కి "రిస్ట్రిక్టెడ్"కి మార్చండి, విడిగా పేర్లు చేర్చి ఉంటే అవి కూడా తీసేయండి.

చాలామంది ఇదంతా వదిలేసి ఫైలు డిలీట్ చేస్తే చాలనుకుంటారు. చాలదు! డ్రైవ్‌లో డిలీట్ చేసింది 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, అక్కడి నుంచి పూర్తిగా పోయేదాకా షేర్ చేసినవాళ్లు చూడగలరు. కాబట్టి ముందు షేరింగ్ ఆపి, తర్వాత డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి. ఖాళీ చేస్తే చోటు కూడా మిగులుతుంది: గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి కలిపే ఇస్తారు, అది నిండిపోతే మెయిల్స్ రావడం కూడా ఆగిపోతుంది.

ఒరిజినల్ మాత్రం మీ హార్డ్‌డిస్క్‌లో ఉందని తెరిచి చూసుకున్నాకే ఇవన్నీ చేయండి.

ఒకసారి డౌన్‌లోడ్ అయిన కాపీని ఏ గడువూ వెనక్కి తీసుకురాలేదు. ఆధార్, పాన్ ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకి పంపినప్పుడు నాకు అదే భయం. పని అవ్వగానే వాళ్ల సిస్టమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి మీ ముందే తీసేయమని అడగండి, మొహమాటపడకండి.