వంక పారుతున్నప్పుడు లారీ వెనక కారు దింపకండి

ఈ వారం మా మండలంలో చెరువు మరువ (అలుగు) నీళ్లు పారుతున్న కాజ్‌వే మీద, అంటే వంక నీరు పైనుంచి పోయేలా కట్టిన తగ్గు రోడ్డు మీద, ఒక కారు కొట్టుకుపోయింది. లోపలి ఇద్దరూ దిగువన కంపచెట్లు పట్టుకుని బతికి బయటపడ్డారు. అంతకు కొద్దిసేపటి ముందే ఒక ఇసుక లారీ అదే నీటిలో నిబ్బరంగా దాటిందని, దాన్ని చూసే తామూ దిగామని వారు చెప్పారు. కడప, అనంతపురం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడుతూనే ఉంటాయి కాబట్టి ఈ ఒక్క పొరపాటు గురించే వివరంగా రాస్తున్నాను. పోలీసులు అడ్డం పెట్టిన చోట ఆగడం, రాత్రి ప్రయాణం మానుకోవడం వంటివి అందరికీ తెలిసినవే.

ముందు బండి దాటడం మీ బండికి కొలత కాదు. బావిలో చేద నీటిలో ఉన్నంతసేపూ తేలికగా ఉండి, నీటి పైకి రాగానే బరువెక్కడం మనకు అనుభవమే. మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే అంత నీటి బరువు మేరకు దాన్ని పైకి నెట్టే బలాన్నే బడి పుస్తకాల్లో ఉత్ప్లవన బలం అన్నారు. చిన్న కారు బరువు సుమారు 900 కిలోలు, దాని అడుగుభాగం వైశాల్యం సుమారు 4 చదరపు మీటర్లు. నీరు అడుగు రేకును తాకి మరో 10 సెంటీమీటర్లు పెరిగితే, లోపలికి ఇంకా చేరనంతవరకు, 400 కిలోల బరువును నీరే మోస్తుంది. ఇంకో 10 సెంటీమీటర్లు పెరిగితే చక్రాల మీద మిగిలేది 100 కిలోలే. లారీ ఎత్తుగా ఉంటుంది, నీరు దాని కిందుగా పోతుంది, పైగా ఇసుక బరువు ఉంటుంది. నలుగురిని ఎక్కించుకుంటే కారు నిలబడుతుందనే వాదన కూడా విన్నాను. ఆ నలుగురి బరువుకు సరిపోయేది ఆరు సెంటీమీటర్ల నీరు మాత్రమే.

చక్రాల మీద బరువు తగ్గిన కొద్దీ రోడ్డుతో ఘర్షణ తగ్గుతుంది, అదే సమయంలో పక్కనుంచి ప్రవాహం తోసే బలం పెరుగుతుంది. ప్రవాహ వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది. అందుకే నిలకడగా ఉన్న అడుగు లోతు నీటిలో నడిచే కారు, పారుతున్న అడుగు లోతు నీటిలో జారిపోతుంది. కాజ్‌వే మీద పాచి ఉంటే అంత లోతు కూడా అక్కరలేదు.

బరువైన యంత్రానికి కూడా ఈ భరోసా చెల్లదు. 2021 నవంబరులో అనంతపురం జిల్లాలో చిత్రావతి వరద మధ్య జేసీబీ మీద చిక్కుకున్న పది మందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి తీసుకుపోవలసి వచ్చింది.

ముందు బండి పోయింది కదా అనుకునేవారు గమనించని సంగతి ఇంకొకటి ఉంది. కాజ్‌వే మీదుగా దూకే నీరు దిగువ అంచు కింద ఇసుకను తోడేస్తుంది. పైన సిమెంటు పలక మామూలుగానే ఉంటుంది, కింద ఆధారం ఉండదు. ఆ పలక లారీని ఒకసారి మోసిందంటే, మిమ్మల్ని కూడా మోస్తుందని కాదు, లారీ బరువుకే అది బీటలు వారి ఉండవచ్చు. అదే 2021 నవంబరు వరదలో కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాగ్ని నది మీద వంతెనే కూలిపోయింది.

కారు నీటిలో ఆగిపోతే ముందు అద్దాలు దించండి. బయట నీరు తలుపు అడుగు అంచుకు 60 సెంటీమీటర్లు పైన ఉండి లోపల ఖాళీగా ఉంటే, మీటరు వెడల్పు తలుపు మీద దాదాపు 180 కిలోల బలం పడుతుంది, భుజంతో నెడితే అది కదలదు. తలుపుతో కుస్తీ పడుతుండగానే కరెంటు పోయి అద్దాలు కూడా దిగకుండా పోతాయి. సీటు బెల్టు విప్పండి, పిల్లలను ముందు బయటికి పంపండి, కిటికీలోంచి కారు పైకి ఎక్కండి. ఆగిపోయిన ఇంజను మళ్లీ స్టార్టు చేయకండి. మోటారు సైకిలును నెట్టుకుంటూ దాటకండి. అప్పటికే నీటిలో ఉంటే బండికి దిగువ వైపు నిలబడకండి, పడితే మీ మీదే పడుతుంది, వదిలేయండి. పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని నడవకండి, గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించే చోటు, పైకి పోయి ఇద్దరూ పడతారు. నడుముకు తాడు కట్టుకుని దిగకండి, కాలు జారితే ప్రవాహం మిమ్మల్ని అడుగున అదిమి పెడుతుంది, తాడు పట్టిన వారు లాగినా పైకి తేలేరు. ముందు బండి వెనక చక్రాల జాడ చూసుకుంటూ పోకండి. అవతలి గట్టునుంచి ఎవరు చేయి ఊపినా పోకండి. నీరు తీసిన తరువాత కూడా పగటి వెలుగులో, కాజ్‌వే దిగువ అంచు కింద ఎంత ఇసుక పోయిందో గట్టు మీదనుంచే చూసి, ఆ తరువాతే బండి తీయండి.