గొల్లభామను పెంచి, వేటను దగ్గరగా చూడాలంటే

కొన్ని ఊళ్లలో మిడతనీ గొల్లభామే అంటారు. ఇక్కడ చెప్పేది ముందుకాళ్లు దండం పెట్టినట్టు మడుచుకుని, మూడుమూలల తలను మన వైపు తిప్పి చూసే పురుగు గురించి.

ముందు డబ్బా. పురుగు పొడవుకి కనీసం మూడు రెట్లు ఎత్తు, రెండు రెట్లు వెడల్పు ఉండాలి. 7 సెం.మీ. పురుగుకి 21 సెం.మీ. ఎత్తు. ప్లాస్టిక్ మూత తీసేసి దోమతెర గుడ్డ బిగించండి. ఇది ఎక్కువసేపు తలకిందులుగా వేలాడుతుంది, నున్నటి మూతకి దాని గోళ్లు పట్టవు. లోపల ఏటవాలుగా ఒక పుల్ల చాలు. ఒక డబ్బాలో ఒకటే ఉంచండి. రెండు వేస్తే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది.

చచ్చిన ఈగను వేస్తే సాధారణంగా పట్టించుకోదు, కదిలేదే దానికి తిండి. బతికున్న ఈగో, దాని ఒంట్లో సగానికి మించని ఇలకోడో వదలండి. మందు కొట్టిన పత్తి, మిరప చేల నుంచి పట్టి తెచ్చినవి మాత్రం వద్దు, ఆ విషం దీనికీ ఎక్కుతుంది. పెద్ద పురుగుకి రెండు మూడు రోజులకోసారి మేత సరిపోతుంది. పొట్ట ఉబ్బి కనిపిస్తే ఆ పూట మానేయండి. నీళ్లకి గిన్నె అక్కర్లేదు, డబ్బా గోడ మీద రోజూ కాస్త తుంపర కొడితే ఆ చుక్కలే తాగుతుంది.

ఈగ వాలగానే తల తిరుగుతుంది, రెండు కళ్లూ దాని మీదే నిలుస్తాయి. కంట్లో కనిపించే నల్లచుక్క మీరు ఎటు జరిగితే అటే వస్తుంది కానీ అది కంటిపాప కాదు. దాని కంట్లోని చిన్న చిన్న గదుల్లో మన వైపు తిరిగినవి వెలుతురును మింగేయడం వల్ల అలా నల్లగా కనిపిస్తుంది. తర్వాత ఒళ్లు అటూ ఇటూ ఊగొచ్చు. దూరం కొలవడానికి అదొక పద్ధతి, ఊగినప్పుడు దగ్గరి వస్తువు ఎక్కువ జరిగినట్టు కనిపిస్తుంది. రెండు కళ్లలో పడే బొమ్మలను పోల్చి కూడా దూరం పసిగడుతుంది. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు గొల్లభామ కళ్ల మీద చిన్న త్రీడీ కళ్లద్దాలను తేనెమైనంతో అంటించి మరీ దీన్ని రుజువు చేశారు.

ఇక ముందుకాళ్లతో కొట్టే దెబ్బ. సెకనులో పదోవంతు కూడా పట్టదు. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేములు పెట్టి తీసినా ఇరవై చిల్లర ఫ్రేముల్లో అయిపోతుంది. ముందుకాలి తొడ కింద రెండు వరసల ముళ్లు, దాని మీదికి పిక్క మడతకత్తిలా ముడుచుకుంటుంది, కొసన కొక్కెం. చిక్కినదాన్ని చంపే దాకా ఆగదు, బతికుండగానే కొరకడం మొదలెడుతుంది.

ఉన్నట్టుండి మేత మానేసి కప్పుకి వేలాడుతుంటే కుబుసం విడవబోతోందన్నమాట. బతికున్న ఇలకోడి లోపలుంటే వెంటనే తీసేయండి, కదల్లేని గొల్లభామను అది కొరికేస్తుంది. డబ్బాని కదపకండి. జారి పడితే కాళ్లు వంకరపోతాయి, గాలి మరీ పొడిగా ఉంటే పాత తోల్లోనే ఇరుక్కుంటుంది. వేసవిలో ఆ రోజులకి ముందు నుంచే తుంపర కాస్త పెంచండి. విడిచాక రెండు రోజులు మేత వేయొద్దు, అప్పటికి గాని ముళ్లు గట్టిపడవు.

రాత్రి కళ్లు నల్లబడితే జబ్బు అనుకోకండి. మసక వెలుతుర్లో చూపు కోసం అలా మారతాయి, తెల్లారేసరికి మామూలు రంగుకొస్తాయి.