బొమ్మ కోసం గొడవ పడ్డప్పుడు (పసిపిల్లల మనసు: టీచర్లకు స్వయంబోధన, 4వ పాఠం)

పోయిన పాఠంలో పొద్దున్నే పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి "ఈరోజు మనసెలా ఉంది?" అని అడగడం నేర్చుకున్నాం. సంతోషం, కోపం, భయం, బెంగ, అలక అని అయిదు ముఖాలు గీసి గోడకు అతికించాం. చేసి చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు పిల్లలు కోపం ముఖం మీద వేలు పెట్టి "నాకు నిన్న ఇదొచ్చింది" అని చక్కగా చెబుతారు. నిజంగా కోపం వచ్చిన క్షణంలో మాత్రం ఆ మాట నోటికి రాదు, చెయ్యి లేస్తుంది. చెయ్యి లేచిన తర్వాతి అయిదు నిమిషాల్లో మనం ఏం చెయ్యాలన్నదే ఈ పాఠం.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కొట్టుకుంటున్నారంటే టీచరుకు క్లాసు మీద పట్టు లేదని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని మిన్నెసోటాలో నర్సరీ పిల్లల ఆటను గమనించి 1932లో ఆ వివరాలు ప్రచురించారు. బాగా చిన్నవాళ్లు ఒంటరిగా ఆడుకుంటారు, లేదా పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. పెరిగేకొద్దీ ఒకే ఆటలోకి వస్తారు, పనులు పంచుకుంటారు. మీ అంగన్‌వాడీ కేంద్రంలోనూ ఇదే కనిపిస్తుంది. మూడేళ్ల పిల్లలు ఇద్దరు ఒకే చాప మీద కూర్చుని, ఒకరి వంక ఒకరు చూడకుండా అరగంట ఆడుకోగలరు. నాలుగేళ్లు దాటాక పక్కవాడి ఆట మీద ఆసక్తి పుడుతుంది, దాంతోపాటే గొడవా పుడుతుంది. అంటే ఆ పిల్ల ఎదుగుతోంది. ఆవేశాన్ని ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. నాలుగేళ్లకే ఆ నిగ్రహం ఉండాలనుకోవడం న్యాయం కాదు.

సాధారణంగా మనం చేసేవి మూడు పనులు. గది అవతలి నుంచే "ఏయ్, ఏంటక్కడ?" అని కేకేస్తాం. దగ్గరికెళ్లి "ముందు ఎవరు తీసుకున్నారు?" అని విచారణ మొదలుపెడతాం. ఇద్దరూ "నేనే" అంటారు, ఇద్దరూ నిజమనుకునే అంటారు. ఇక తీర్పు: "నువ్వు పెద్దదానివి కదమ్మా, తమ్ముడికి ఇచ్చెయ్. నువ్వు సారీ చెప్పు." గొడవ ఆగిపోతుంది, నిజమే. కానీ ఆ పెద్దపిల్లకు తెలిసిందేమిటి? తనకు కావాలనిపించడమే తప్పని. ముఖ్యంగా ఆడపిల్లలకు ఈ మాట ఇంట్లో ఎలాగూ రోజూ వినబడుతుంది, మన దగ్గర కూడా వినబడకూడదు. చిన్నవాడికి తెలిసింది ఏడిస్తే బొమ్మ వస్తుందని. ఇక తల దించుకుని, పెదవులు బిగించి చెప్పిన సారీ వల్ల ఎవరి కడుపూ చల్లబడదు.

దీనికి బదులు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటిలో ఉన్న హైస్కోప్ సంస్థ ప్రీస్కూల్ టీచర్లకు నేర్పే ఒక పద్ధతి ఉంది. ఆరు మెట్లు: నెమ్మదిగా దగ్గరికెళ్లడం, ఇద్దరి మనసులోని బాధనూ పైకి చెప్పడం, ఏం జరిగిందో వినడం, సమస్యను మళ్లీ వాళ్లకే వినిపించడం, ఉపాయం వాళ్లనే అడగడం, ఆ తర్వాత కాసేపు దగ్గరే ఉండడం. మన గదుల్లో, మన మాటల్లో ఇది ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణగా చూద్దాం. పిల్లలిద్దరినీ బుజ్జి, చిన్నా అని పిలుచుకుందాం.

బ్లాకుల మూలలో నాలుగున్నరేళ్ల బుజ్జి పసుపు రంగు లారీలో బ్లాకులు నింపుతోంది. చిన్నా వచ్చి లారీ వెనక చక్రం పట్టుకుని లాగాడు. సగం బ్లాకులు కిందపడ్డాయి. బుజ్జి వాడి ముంజేతిని గట్టిగా గిల్లింది. చిన్నా ఏడుపు అందుకున్నాడు.

టీచరు కేకెయ్యలేదు. నడిచి వచ్చి ఇద్దరి మధ్యా గొంతుక్కూర్చుంది, తన కళ్లు వాళ్ల కళ్లకు సమానంగా ఉండేలా. ఒక చెయ్యి లారీ మీద వేసింది.

"లారీ కాసేపు నేను పట్టుకుంటాను. మీ ఇద్దరి మాటా వినేదాకా ఎవరికీ ఇవ్వను. చిన్నా, చెయ్యి చూపించు నాన్నా. నొప్పిగా ఉందా? బుజ్జీ, నీ ముఖం ఎర్రబడింది. చాలా కోపమొచ్చినట్టుంది."

"వాడు నా లారీ లాగేశాడు టీచర్! అన్నీ పడిపోయాయి!"

"అన్నీ పడిపోయాయని కోపమొచ్చింది. ఊఁ. చిన్నా, నీకేమైంది?"

"నాకియ్యట్లేదు."

"నీకూ లారీ కావాలి. బుజ్జికీ కావాలి. లారీ ఒక్కటే ఉంది. ఇప్పుడేం చేద్దాం?"

ఇద్దరూ మాట్లాడలేదు. టీచరూ మాట్లాడలేదు.

"నాకిచ్చెయ్యాలి," అన్నాడు చిన్నా.

"చిన్నా తనకిమ్మంటున్నాడు. బుజ్జీ, నీకు సరేనా?"

"ఊహూఁ."

"బుజ్జికి ఇష్టం లేదట. ఇంకో ఉపాయం చెప్పండి."

బుజ్జి కింద పడ్డ బ్లాకుల వైపు చూసింది. "ఇవి గుడి కట్టడానికి. అన్నీ అక్కడ దింపాక ఇస్తా."

"అప్పటిదాకా నేనేం చెయ్యాలి?"

"నువ్వు దించు. నేను తోలుతా."

"బుజ్జి లారీ తోలుతుంది, చిన్నా సరుకు దించుతాడు. గుడి అయ్యాక లారీ చిన్నాది. ఇద్దరికీ సరేనా?"

ఇద్దరూ తలూపాక లారీ మీది చెయ్యి తీసింది.

ఇందులో ముఖ్యమైన చోట్లు రెండు. మొదటిది, లారీని టీచరు తన చేతిలోకి తీసుకోవడం. బొమ్మ ఎవరో ఒకరి చేతిలో ఉన్నంతసేపూ వాళ్ల చెవులకు మన మాట ఎక్కదు. ఒకరు పోతుందేమోనని, మరొకరు రాదేమోనని దాన్నే చూస్తుంటారు. "ఎవరికీ ఇవ్వను" అని పైకి చెప్పడం వల్ల ఇది లాక్కోవడం కాదని, దాచి ఉంచడమని తెలుస్తుంది. రెండోది, "ఏం చేద్దాం?" అన్నాక వచ్చే మౌనం. మనకు అది భరించరానిదిగా ఉంటుంది, వెంటనే ఉపాయం మనమే చెప్పేస్తాం. ఆగండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. "నువ్వు దించు, నేను తోలుతా" అనే ఆలోచన ఏ టీచరుకూ తట్టదు. ఆ ఆటలో ఉన్న పిల్లకే తడుతుంది, ఎందుకంటే అది గుడి కోసం నడుస్తున్న లారీ అని ఆమెకొక్కతికే తెలుసు.

"ఎందుకు గిల్లావు?" అని టీచరు ఒక్కసారి కూడా అడగలేదు, గమనించారా? ఎందుకో ఆ వయసు పిల్లకు తెలియదు. అడిగితే బిక్కమొహం వేస్తుంది, లేదా అబద్ధం నేర్చుకుంటుంది. "ఏం జరిగింది?" అని అడిగితే మాత్రం చెప్పగలదు.

అలాగని గిల్లడాన్ని వదిలెయ్యలేదు. ఆట మళ్లీ కుదుటపడ్డాక, నలుగురిలో కాకుండా బుజ్జి పక్కన కూర్చుని టీచరు ఇలా అంది: "గిల్లితే నొప్పి పుడుతుంది. ఇక్కడ ఎవరినీ గిల్లనివ్వను, నిన్ను ఎవరైనా గిల్లబోయినా ఊరుకోను. ఇంకోసారి ఎవరైనా లాగితే 'ఆగు, నాదింకా అవ్వలేదు' అను. ఏదీ, గట్టిగా అను." బుజ్జి రెండుసార్లు అంది. సారీ కంటే ఈ వాక్యం వెయ్యి రెట్లు విలువైనది. రేపు చెయ్యి లేవబోయేటప్పుడు పిల్లకు అందుబాటులో ఉండేది ఇదే. చిన్నాకూ ఒక వాక్యం కావాలి: "నీదయ్యాక నాకిస్తావా?" తర్వాత "చిన్నా చేతికి ఏం చేద్దాం?" అని అడిగితే తడిగుడ్డ తెచ్చి అద్దే పిల్లలున్నారు. చిన్నా వద్దంటే బలవంతం లేదు.

మూడేళ్ల వాళ్లతో ఇంత సంభాషణ సాగదు. వాళ్లకు మాటలు మీరే అందివ్వాలి: "నీకు బంతి కావాలి. పాపకూ కావాలి. ఇదిగో ఇంకో బంతి." అంతే చాలు. "అయిదు నిమిషాలు ఆగు" అంటే ఆ వయసులో అర్థం కాదు. "అక్క ఈ దారం నిండా పూసలు గుచ్చాక నీ వంతు" అంటే కంటికి కనిపిస్తుంది కాబట్టి అర్థమవుతుంది.

ఇంట్లో గోండి, కోయ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉట్నూరు వైపు, భద్రాచలం మన్యంలో కేంద్రాలు నడిపేవాళ్లకు ఇది రోజువారీ విషయం. తెలుగు ఇంకా రాని పిల్ల ఎక్కువగా తోస్తుంది, కొరుకుతుంది. చెప్పుకోవడానికి మాట లేకపోవడమే కారణం, మొండితనం కాదు. "ఆగు", "నాకు కావాలి", "నొప్పి", "నా వంతు" అనే నాలుగు మాటలు ఆ భాషలో తల్లినో, మీ ఆయానో అడిగి నేర్చుకోండి. టీచరు నోట తన ఇంటి మాట వినబడగానే ఆ పిల్ల ముఖం ఎలా మారుతుందో చూడండి.

కొరకడం గురించి క్లుప్తంగా. ముందు కరిపించుకున్న బిడ్డ దగ్గరికెళ్లండి. సబ్బునీళ్లతో కడగండి, చర్మం చిట్లితే ఆరోగ్య కార్యకర్తకు చూపించండి. "నువ్వూ కొరుకు, వాడికి తెలుస్తుంది" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. తల్లి ఇంటికెళ్లి పంటిగాటు చూసి కంగారుపడేలోగా మీరే చెప్పండి. జరిగింది ముందే చెబితే మర్నాడు గుమ్మం దగ్గర జరిగే గొడవ చాలావరకు తప్పుతుంది.

"పాతికమంది పిల్లలు, ఆయా పొయ్యి దగ్గర, ప్రభుత్వ యాప్ పోషణ్ ట్రాకర్‌లో వివరాలు ఎక్కించాలి. ఇదంతా చెయ్యడానికి తీరికెక్కడిది?" అని మీరడగడం సబబే. ప్రతి గొడవకూ ఇలా కూర్చోలేరు. రోజుకు ఒక్క గొడవ ఎంచుకోండి. మిగతావాటిని తగ్గించే దారి వేరే ఉంది. గొడవలు ఎప్పుడు జరుగుతున్నాయో చూస్తే చాలా చోట్ల భోజనానికి ముందు గంటలోనే ఎక్కువ. ఆకలి, చేతులు కడుక్కోవడానికి వరుసలో నిలబడటం, చేయడానికి ఏ పనీ లేకపోవడం, మూడూ కలుస్తాయి. అయిదుగురిని కడుక్కోవడానికి పంపి మిగతావాళ్లతో గుడుగుడు గుంచం ఆడించండి. అందరూ ఎగబడే బొమ్మ ఉంటే రెండోది సంపాదించండి, లేదా కొన్నాళ్లు లోపల పెట్టండి. బ్లాకులను గది మధ్యలో, నడిచే దారిలో కాకుండా మూలకు జరపండి.

తల్లిదండ్రులు మాత్రం "వాడు కొడితే నువ్వూ కొట్టి రా" అని పంపుతుంటారు. తమ బిడ్డ దెబ్బలు తినకూడదనే ప్రేమతోనే అంటారు, కాబట్టి వాదించకండి. నెలనెలా తల్లిదండ్రులతో జరిపే ఈసీసీఈ (పసిపిల్లల సంరక్షణ, విద్య) రోజున బుజ్జి, చిన్నాల గొడవను ఇద్దరు తల్లుల చేత ఆడించండి, మీరు టీచరుగా ఉండండి. "మీ పాప తన వస్తువును కాపాడుకోవడం నేర్చుకుంటోందమ్మా, చేత్తో కాదు, నోటితో" అంటే వింటారు. ఇది చదువు కాదని ఎవరైనా అంటే, 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు తమ భావాలను అర్థం చేసుకోవడం, అదుపులో పెట్టుకోవడం కూడా ఒక లక్ష్యంగా పెట్టిందని చెప్పండి. ఇక రెండు దెబ్బలేస్తే దారికొస్తారనేవాళ్లకు: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఒకటో తరగతి పిల్లలకు ఉన్న ఆ రక్షణ వాళ్లకంటే చిన్నవాళ్లకు ఇంకా ఎక్కువ అవసరం.

ఈ వారం పని: ఒక నోటుపుస్తకం తీసి, మీరు దగ్గర కూర్చున్న ప్రతి గొడవకూ మూడు విషయాలు రాయండి. ఎన్ని గంటలకు జరిగింది, దేనికోసం జరిగింది, చివరి ఉపాయం ఎవరి నోట వచ్చింది. మూడో గడిలో వారమంతా "టీచరు" అనే ఉంటే, మౌనం దగ్గర మీరు తొందరపడుతున్నారన్నమాట. వచ్చే వారం పది అంకెలను ఇరవై చెయ్యండి.

అయిదో పాఠం ఎవరితోనూ గొడవ పడని, ఎవరి ఆటలోనూ కలవని పిల్ల గురించి. అది మొదలుపెట్టేలోగా హాజరు రిజిస్టరు ముందు పెట్టుకుని, ఈ వారం ఎవరి గొంతు మీరు ఒక్కసారీ వినలేదో ఆ పేర్ల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టి ఉంచండి.