యూరిక్ యాసిడ్ ఉన్నోళ్లకు షోర్వతోనే ముప్పు

దసరా దావత్‌లో ముక్కలు తగ్గించి షోర్వ నిండా పోసుకుంటే లాభం లేదు. మటన్ ఉడికేటప్పుడు ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే ప్యూరిన్లు చాలా ఆ నీళ్లలోకే దిగుతాయి. అందుకే ఉడికించిన నీళ్లు పారబోసి, నాలుగు ముక్కలు వేపుడు చేసుకోండి. కార్జం, గుర్దాలు, ఎండు చేపలు పూర్తిగా బంద్. బీరు మరీ చెడ్డది, తియ్యటి కూల్‌డ్రింకులూ అంతే. కందిపప్పుకు మాత్రం భయపడకండి.

కిడ్నీలో రాళ్లున్నాయని సల్ల, పెరుగు మానేయడం పెద్ద పొరపాటు. పాలకూరతో పాటే పెరుగు తింటే, పెరుగులోని కాల్షియం, పాలకూరలో ఉండి రాళ్లు కట్టే ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది. రామగుండం ఎండల్లో మూడు లీటర్ల నీళ్లూ చాలవు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. గుండె, కిడ్నీ జబ్బున్నోళ్లు ముందు డాక్టరును అడగండి.