ట్రాఫిక్‌లోనే వేడెక్కే కారు: నా అనుభవం

తొమ్మిదేళ్ల పాత సెడాన్ కొన్న రెండో నెలలోనే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్లింది. చూపించిన చోట హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ, కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందన్నారు. గాస్కెట్ చవకే, కానీ ఇంజిన్ పైభాగం విప్పాలి కాబట్టి కూలీ తడిసి మోపెడవుతుంది.

నాకు నమ్మకం కుదరలేదు. గాస్కెట్ పోతే మామూలుగా కనిపించే గుర్తులేవీ లేవు: కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గడం లేదు, ఆయిల్ పాలలా మారలేదు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు. పైగా హైవే మీద ముల్లు కదిలేదే కాదు, సిగ్నల్ దగ్గర ఆగితేనే పైకి పాకేది. వేగంగా వెళ్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి కాబట్టి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూశాను. ఫ్యాన్ తిరగడం లేదు.

ఫ్యూజ్ బాగానే ఉంది. ఇంజిన్ ఆపి, ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు అందించే చిన్న స్విచ్) తీసేసి, అదే నంబరున్న హారన్ రిలేను అక్కడ పెట్టాను. మళ్లీ స్టార్ట్ చేసి ఏసీ వేయగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది! నా సంతోషం ఇంతా అంతా కాదు. కొత్త రిలేకి అయిన ఖర్చు ఒకసారి ఆయిల్ మార్పించే దానికంటే తక్కువ.

రిలే మార్చినా తిరగకపోతే మోటారుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూడాలి. అప్పుడూ కదలకపోతే మోటారే పోయినట్టు. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు, సలసల కాగే కూలెంట్ మొహం మీదకు చిమ్ముతుంది.