పాత బోటు స్పీడోమీటర్ విప్పే ముందు ఇది చూడండి

పాత మోటర్ బోటులో స్పీడోమీటర్ ముల్లు కదలట్లేదంటే వెంటనే గేజ్ విప్పేయకండి, ముందు వెనకాల నీళ్లలో ఉండే పిటో ట్యూబ్ (బోటు కదిలేటప్పుడు ఎదురొచ్చే నీటి ఒత్తిడిని గేజ్‌కి పంపే చిన్న గొట్టం) రంధ్రంలో సన్న తీగ పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే బురద పట్టి ఉంటుంది. అయినా కదలకపోతే అప్పుడు విప్పాలి. గేజ్ అద్దాన్ని పట్టి ఉంచే రింగు అంచుని చిన్న స్క్రూడ్రైవర్‌తో ఒకేచోట లేపితే అద్దం పగలొచ్చు, అందుకే కొంచెం కొంచెంగా చుట్టూ తిరుగుతూ లేపండి, ఎన్ని రౌండ్లు పట్టినా పర్లేదు. ముల్లు పీకే ముందు ఎక్కడ ఆగి ఉందో ఫోటో తీసుకోండి. డయల్‌కి థిన్నర్ అస్సలు వద్దండీ, అంకెలు చెరిగిపోతాయి. లోపల వంకీలా ఉండే సన్న లోహపు గొట్టాన్ని, అదే బోర్డన్ ట్యూబ్‌ని, వంచకండి, నీటి ఒత్తిడికి దాని వంపు కాస్త విచ్చుకుంటేనే ముల్లు తిరిగేది. టెస్టింగ్‌కి కంప్రెసర్ గాలి పెట్టొద్దు, గంటకి 30 మైళ్ల వేగంలో వచ్చే నీటి ఒత్తిడే సుమారు 13 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), కంప్రెసర్‌ది దానికంటే చాలా ఎక్కువ, గేజ్‌కి వెళ్లే పైపుకి సిరంజి పెట్టి మెల్లగా నొక్కితే చాలు.