కునుకు పట్టే వేళ ఒళ్ళు ఉలిక్కిపడుతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

కళ్ళు మూతపడుతున్న సమయంలో ఒళ్ళు అదిరిపడుతోందనీ, కాళ్ళు వాటంతటవే ఎగిరిపడుతున్నాయనీ చెప్పేవారిని చాలాకాలంగా చూస్తున్నాను. వారిలో ఎక్కువమంది మెగ్నీషియం మాత్రలు వాడి, పరుపు మార్చి, కొందరైతే మెదడు స్కాన్ కూడా చేయించుకుని వచ్చినవారే. కానీ ఆ అదురు ఎలా ఉంటుంది, ఏ వేళకు మొదలవుతుంది, ఆ రోజు కాఫీ, టీ చివరిసారి ఎప్పుడు తాగారు అని అడిగితే చెప్పగలిగినవారు అరుదు. అందుకే మందుల జోలికి, పరీక్షల జోలికి వెళ్ళే ముందు, వారం రోజులపాటు ఈ మూడింటినీ, అంతకు ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో దానినీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కారణం దొరికే దారి చాలామందికి ఆ కాగితంలోనే కనబడుతుంది.

ఒంటినంతటినీ కుదిపే ఒక్క ఉలికిపాటు

మెట్టు తప్పినట్టో, ఎత్తునుంచి పడిపోతున్నట్టో అనిపించి, ఒళ్ళంతా ఒక్కసారి కుదిపి మెలకువ తెప్పించేది నిద్రారంభపు ఉలికిపాటు. మెలకువనుంచి తొలి దశ నిద్రలోకి జారే క్షణాల్లో ఇది వస్తుంది. నూటికి 60 నుంచి 70 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అనుభవమయ్యేదే. ఇది జబ్బు కాదు, గుండెకు గాని మెదడుకు గాని హాని చేయదు. అయితే వరుసగా పలుమార్లు వచ్చి నిద్ర పట్టనీయకపోతే దాన్ని రేపుతున్నదేమిటో చూడాలి.

మొదట చూడవలసినది నిద్ర బాకీ. కొన్ని రాత్రులు వరుసగా తక్కువ పడుకున్నవారిలో ఈ ఉలికిపాట్లు పెరుగుతాయి. రెండవది కెఫీన్. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోనుంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కనుక సాయంత్రం 5 గంటలకు తాగిన కప్పులో సగం ప్రభావం రాత్రి 10 గంటలకు కూడా ఉంటుంది. కాఫీ, టీ మాత్రమే లెక్కపెట్టి ఊరుకోకూడదు, కోలా పానీయాలలోనూ, కొన్ని తలనొప్పి మాత్రలలోనూ కెఫీన్ ఉంటుంది. పొగతాగడం, పడుకునే ముందు చేసే కఠిన వ్యాయామం, తీవ్రమైన మానసిక ఒత్తిడి ఆ తర్వాతి వరుసలో వస్తాయి. మధ్యాహ్నం దాటాక కెఫీన్ పూర్తిగా మానేసి, రెండు వారాలపాటు ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేస్తే చాలామందికి ఉలికిపాట్లు బాగా పలచబడతాయి. ఈ రెండు వారాలు ఓపిక పట్టకుండా మూడవ రోజునే మాత్రలు వెతకడమే నేను ఎక్కువగా చూసే పొరపాటు.

ఒకసారి ఉలిక్కిపడ్డాక మళ్ళీ ఎప్పుడు వస్తుందోనని ఒంటిని కనిపెట్టుకుని పడుకోవడం కూడా నిద్రను తరిమేస్తుంది. అలాంటప్పుడు మంచం మీద పెనుగులాడకుండా లేచి, తక్కువ వెలుతురులో కాసేపు కూర్చుని, కళ్ళు బరువెక్కాక తిరిగి పడుకోవాలి. గడియారాన్ని కంటికి కనబడకుండా తిప్పి పెట్టాలి.

కాళ్ళలో పీకులాట, దాంతో పాటు ఎగిరిపాటు

ఎక్కువమందిని ఏళ్ళ తరబడి తప్పుదోవ పట్టించే కారణం ఇక్కడ ఉంది కనుక దీన్ని నిదానంగా చెబుతాను.

ఈ రకంలో కాలు ఒక్కసారి ఎగిరి ఊరుకోదు. పడుకున్న కాసేపటికి కాళ్ళు పీకుతున్నాయనీ, లోపల గుంజుతున్నాయనీ, పిక్కల్లో ఏదో పాకుతున్నట్టుందనీ, ఎవరైనా పిసికితే బాగుండునని అనిపిస్తోందనీ చెబుతారు. కదపకుండా పట్టి ఉంచితే కాలు తనంతట తానే ఎగిరిపడుతుంది. దీన్ని పోల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు చాలు. కాళ్ళను కదిలించి తీరాలన్న ఆరాటం ఉందా? అది కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మొదలవుతోందా లేక ఎక్కువవుతోందా? నాలుగడుగులు నడిస్తే తగ్గుతోందా? పగటికంటే సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉంటోందా? నాలుగింటికీ అవునన్న జవాబే వస్తే, కండరాల నొప్పి వంటి పోలిన కారణాలు లేవని తేలితే, అది చాలావరకు అశాంత పాదాల సమస్యే (ఇంగ్లీషులో రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్). 1945లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఎక్‌బామ్ దీన్ని వివరంగా వర్ణించాడు. 1950లలోనే అదే దేశంలో నార్డ్‌లాండర్ అనే వైద్యుడు సిరలోకి ఇనుము ఎక్కించి రోగులకు ఉపశమనం కలిగించాడు.

ఈ ఇనుము సంగతే మోసం చేస్తుంది. ఇనుము లోపమా అని అడిగితే రోగి వెంటనే హిమోగ్లోబిన్ నివేదిక చూపించి బాగానే ఉందంటాడు. హిమోగ్లోబిన్ చెప్పేది రక్తంలో ఇప్పుడు వాడుకలో ఉన్న ఇనుము గురించి మాత్రమే. ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము ఎంతో తెలియాలంటే ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. నిల్వలు అడుగంటిన తర్వాత గాని హిమోగ్లోబిన్ పడిపోదు కనుక, రక్తహీనత లేకుండానే నెలల తరబడి ఇనుము లోపంతో ఉండవచ్చు. కాళ్ళ కదలికను నియంత్రించడంలో పాత్ర ఉన్న డోపమిన్ అనే మెదడు రసాయనం తయారీకి మెదడుకు ఇనుము కావాలి. ఈ సమస్య ఉన్నవారి మెదడులో ఇనుము తక్కువగా ఉన్నట్టు స్కానులలోనూ, మరణానంతర పరీక్షలలోనూ కనబడింది.

రెండో మోసం నివేదికలోనే ఉంటుంది. చాలా ల్యాబులు ఫెరిటిన్‌కు కింది హద్దును మిల్లీలీటరుకు 10 నుంచి 30 నానోగ్రాముల మధ్య ఎక్కడో ఒకచోట వేస్తాయి. మీ అంకె 35 వస్తే పక్కన ఏ గుర్తూ ఉండదు, అంతా మామూలే అని చెప్పి పంపించేస్తారు. కానీ అశాంత పాదాలున్న పెద్దవారి విషయంలో నిద్ర వైద్యులు చూసే హద్దు వేరు. ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంతమేరకు ఇనుముతో నిండి ఉందో చెప్పే లెక్క) 20 శాతంకంటే తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. నివేదికలో ఉన్న అంకెను మీరే చూడండి, పక్కన రాసిన మాటను కాదు.

మూడోది పరీక్ష వేళ. జ్వరం, ఇన్‌ఫెక్షన్, ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది కనుక ఆ రోజుల్లో చేసిన పరీక్షలో లోపం కప్పబడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు, పొద్దుటిపూట, ఇనుము మాత్రలు వాడుతుంటే కనీసం ఒక రోజు ఆపి, ఫెరిటిన్‌తో పాటు ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత కూడా చూపించుకోవాలి. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉండేవారు, గర్భిణులు, తరచుగా రక్తదానం చేసేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దీన్ని అసలు వాయిదా వేయకూడదు.

లోపం తేలితే వైద్యుని సలహాతోనే మందు మొదలుపెట్టాలి, ఎందుకంటే కొందరికి ఒంట్లో ఇనుము ఎక్కువై పేరుకుపోయే వంశపారంపర్య జబ్బులుంటాయి, వారికి అదనపు ఇనుము హాని చేస్తుంది. సాధారణంగా ఒక మోతాదులో 65 మిల్లీగ్రాముల ఇనుము ఉండే మాత్రను, సి విటమిన్‌తో కలిపి, రోజుకు ఒకసారి లేదా రోజు విడిచి రోజు ఇస్తారు. ఒక మోతాదు వేసుకున్నాక హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, మరుసటి రోజు ఇనుము ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది కనుక రోజు విడిచి రోజు వేసుకున్నా నష్టం లేదు. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు దాని దరిదాపుల్లో ఉండకూడదు. కడుపులో ఆమ్లం తగ్గించే మందులు కూడా ఇనుము ఒంటబట్టనీయవు. ఫలితం వారంలో రాదు, చాలామందికి నెలలు పడుతుంది. సుమారు మూడు నెలలకు మళ్ళీ పరీక్షించాలి. నోటిద్వారా పనిచేయకపోతే సిరద్వారా ఎక్కించే పద్ధతి ఉంది. పురుషులలో, నెలసరి ఆగిన స్త్రీలలో నిల్వలు తక్కువగా కనబడితే మాత్రలు ఇచ్చి ఊరుకోకూడదు. జీర్ణాశయంలోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో చూడటం తప్పనిసరి.

ఇనుము చూడకుండానే డోపమిన్‌ను పోలిన మందులు, అంటే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటివి మొదలుపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి, కొంతకాలానికి చాలామందిలో పీకులాట సాయంత్రంనుంచి మధ్యాహ్నానికి జరిగి, చేతులకు కూడా పాకుతుంది, మోతాదు పెంచినకొద్దీ మరింత ముదురుతుంది. ఇప్పటికే వాడుతున్నవారు వాటిని హఠాత్తుగా మానకూడదు, వైద్యునితో మాట్లాడి నెమ్మదిగా తగ్గించాలి.

ఎవరూ మందుగా లెక్కపెట్టని మాత్రలు

పీకులాట కొత్తగా మొదలైతే, అంతకు ముందు నెలలో ఏ మాత్ర చేర్చారో చూడండి. జలుబుకు, దురదకు, నిద్రకు వాడే పాతతరం యాంటీహిస్టమిన్లు, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక కుంగుబాటుకు ఇచ్చే అనేక మందులు దీన్ని పెంచుతాయి. నిద్ర పట్టడం లేదని యాంటీహిస్టమిన్ వేసుకుని, దానివల్లే కాళ్ళు మరింత పీకి, మరుసటి రాత్రి ఇంకో మాత్ర వేసుకునేవారు ఎందరో ఉన్నారు. జలుబు మాత్రను మానేయవచ్చు గాని, కుంగుబాటు మందును మాత్రం రాసిన వైద్యునితో మాట్లాడకుండా ఆపవద్దు.

చిన్న అదురులు, పిక్క పట్టేయడం

కనురెప్పలోనో పిక్కలోనో చర్మం కింద సన్నగా అదురుతూ, కాలిని మాత్రం కదపలేని అదురులు చాలావరకు అలసట, కెఫీన్, ఆందోళనల వల్లే వస్తాయి. పైన చెప్పిన రెండు వారాల పద్ధతి వీటికీ సరిపోతుంది. గట్టిగా ముడిపడి నొప్పితో లేపేది పిక్క పట్టేయడం, అది వేరు. పట్టేసినప్పుడు పాదాన్ని మోకాలివైపు వంచి పట్టుకోవాలి, పడుకునే ముందు పిక్కలను సాగదీయడం కొందరికి మేలు చేస్తుంది. పెద్ద వయసువారి పిక్క నొప్పికి మెగ్నీషియం పెద్దగా ఉపయోగపడదని తేలింది. క్వినైన్ మాత్రం దీనికి వాడకూడదు, అది రక్తకణాలకు, గుండె లయకు ప్రమాదం తెస్తుంది.

అరుదైనవి

నడుము, పొట్ట కండరాలు పదేపదే ముడుచుకుని నిద్ర రానీయకపోతే నాడీ వైద్యుని చూడాలి, అది అరుదు. మూర్ఛ జబ్బులో వచ్చే ఒక రకం కుదుపులు ఎక్కువగా పొద్దున్నే లేచాక కనబడతాయి, వస్తువులు చేతిలోంచి జారిపోతాయి. కండరాలను కదిలించే నరాలు క్షీణించే మోటార్ న్యూరాన్ జబ్బు భయం ఇంటర్నెట్ చదివిన ప్రతివారికీ ఉంటుంది గాని, అదురు ఒక్కటే ఉండి బలం తగ్గకపోతే ఆ అనుమానం పెట్టుకోనక్కరలేదు. చెయ్యి పట్టు సడలడం, పాదం ఈడ్చుకుపోవడం, కండరం కరిగి సన్నబడటం కనబడితే మాత్రం ఇంట్లో ప్రయోగాలన్నీ ఆపి ఆ వారంలోనే నాడీ వైద్యుని దగ్గరకు వెళ్ళండి.